పొట్ట కింది పొలుసులు

పాములంటే నాకు ప్రేమా లేదు, భక్తీ లేదు. ముప్పై ఏళ్ళు పశువుల శాఖలో కాంపౌండరుగా ఆవులకీ పందులకీ సూదులు పొడిచి రిటైరయ్యాను. ఎప్పుడో ఒకసారి మా ఆఫీసు బీరువా కింద పాము దూరితే మగవాళ్ళందరూ బల్లలెక్కి నిలబడ్డారు. నాకు విసుగొచ్చి, దాన్ని మెడ దగ్గర పట్టుకుని బస్తాలో వేశాను. ఆ ఒక్క పాపానికి, యాంగోన్‌లో ఏ పాముకి జలుబు చేసినా 'నవోమి దగ్గరికి వెళ్ళండి' అని నా దగ్గరికి పంపుతారు. పాముల వైద్యం నిజంగా చదువుకున్న డాక్టరొకాయన ఉండేవాడు గానీ, ఆయన బ్యాంకాక్ వెళ్ళిపోయి మూడేళ్ళయింది. వెళ్తూ వెళ్తూ నాకొక పాత పుస్తకమూ, సగం వాడిన ఆయింట్‌మెంటు ట్యూబులూ ఇచ్చిపోయాడు. చదువు ఆయనది, చాకిరీ నాది.

ఊళ్ళోనే తామ్వే పేటలో మా తమ్ముడి ఫ్లాటు కింద ఒక గదిలో కూర్చుంటాను. అరవై ఒకటో ఏడు. మోకాళ్ళు ఎప్పుడో రాజీనామా ఇచ్చేశాయి, నేనింకా ఇవ్వలేదు. వానాకాలం వస్తే కుక్కలకి గజ్జి, పిల్లులకి చెవిపోటు, మనుషులకి నా మీద అలక. వీధంతా జనరేటర్ల మోత. ఆ మోతలో ఎవరేం చెబుతున్నారో సగమే వినిపిస్తుంది, మిగతా సగం నేనే ఊహించుకుని మందిచ్చి పంపేస్తాను. చాలాసార్లు సరిపోతుంది.

జూలైలో ఒక మధ్యాహ్నం, వాన జోరుగా పడుతుండగా, మొగుడూ పెళ్ళాలిద్దరు ఒక పెద్ద కూరగాయల బుట్ట మోసుకొచ్చారు. ఆయన పేరు సన్యాసి, నలభై అయిదేళ్ళుంటాయి, పబేడాన్‌లో మసాలా దినుసుల కొట్లో పొట్లాలు కడతాడు. ఆవిడ ప్రమోద. ఇల్లు నది అవతల దలాలో. ఫెర్రీలో బుట్టలో ఏముందని అడిగితే ఎండుచేపలని చెప్పారట.

"సయామా, మీరే సూడాల" అన్నాడు సన్యాసి. ఇక్కడ మన తెలుగువాళ్ళు కూడా నన్ను బర్మా మాటలో సయామా అనే పిలుస్తారు. పంతులమ్మకీ డాక్టరమ్మకీ అదే పిలుపు. నేను రెండూ కాదు, అయినా పలుకుతాను.

మూత తీయగానే వాసన కొట్టింది. నిలవ నీటి వాసన, దాని మీద సాంబ్రాణి. లోపల ఆరడుగుల కొండచిలువ ముడుచుకుని పడుకుంది. సన్యాసి దాని తల పట్టుకున్నాడు, నేను దాన్ని బల్ల మీద వెల్లకిలా తిప్పాను. ఆరోగ్యంగా ఉన్న పాము పొట్ట తెల్లగా, నున్నగా మెరుస్తుంది. కుబుసం విడిచే ముందు అదే పొట్ట కాస్త గులాబీ రంగుకి తిరుగుతుంది, కళ్ళు పాలు పోసినట్టు మసకబారతాయి. అది చూసి రోగమని కంగారుపడి పరిగెత్తుకొచ్చే వాళ్ళున్నారు, వాళ్ళని తిట్టి పంపిస్తాను. ఇది అది కాదు. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. పొట్ట కింద అడ్డపొలుసులు మాత్రం ఎర్రగా కమిలి, అంచులు పైకి లేచాయి. అక్కడక్కడా నీటిబుగ్గలు. రెండు మూడు చోట్ల చిట్లి గోధుమరంగు చెక్కు కట్టింది. వేలితో మెల్లగా నొక్కితే చెక్కు కింద మెత్తగా తగిలింది.

"తడి వల్ల వచ్చిన పుండు" అన్నాను. "వానాకాలం మన కాలివేళ్ళ సందున ఒరిసిపోద్ది సూడండి, అలాటిదే. దీనికి వొళ్ళంతా కాలే కదా. కింద ఏటేస్తన్నారు?"

"పాత సీర మడతెట్టి ఏస్తన్నానమ్మా, మెత్తగా ఉంటాదని" అంది ప్రమోద. సన్నటి గొంతు, జనరేటరు మోతలో అతి కష్టం మీద వినిపించింది.

"తీసీ. కాయితాలెయ్యి. రోజూ మార్చీ. నీళ్ళగిన్నె చిన్నది పెట్టు, అందులో దిగి పడుకోకండా."

పొలుసుల సందుల్లో పసుప్పచ్చటి మరక కనిపించింది. అయోడిన్ అనుకున్నాను. దలాలో మందుల షాపువాడు తేలు కుట్టినా తలనొప్పి వచ్చినా అదే సీసా ఇస్తాడు. "ముందే రాసినట్టున్నావే" అన్నాను.

"రోజూ రాస్తన్నానమ్మా" అంది.

"మంచిది. అదే రాస్తుండు, పైన ఇదీ రాయి" అని ఆయింట్‌మెంటు ట్యూబు చేతిలో పెట్టాను. ఏం రాస్తున్నావని అడగలేదు. బయట ఇంకో ముగ్గురు కుక్కలతో కూర్చున్నారు, నా మోకాళ్ళు సలుపుతున్నాయి, అడగడానికి ఓపిక లేకపోయింది. ఈ కథలో నా తప్పు ఇక్కడే మొదలైంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ప్రమోద గుమ్మం బయట బుట్టకి తువ్వాలు కడుతుండగా సన్యాసి వెనక్కి వచ్చాడు. చెప్పాలా వద్దా అని కాసేపు నా బల్ల అంచు గోకాడు.

"సయామా, ఇది మాత్రం పోకూడదు. ఇది పోతే నా ఇంటిది నిలబడదు."

"పాము పోతే ఇంకో పాము" అన్నాను. నా నోరు అలాంటిది.

"మీకు తెల్దు. మాకొక ఆడపిల్ల పుట్టింది, తొమ్మిదేళ్ళయింది. అంతకుముందు రెండు కడుపునే పోనాయి. ఇది పుట్టింది గానీ నెలలు నిండనేదు. ఆసుపత్రిలో అద్దాల పెట్టిలో ఎట్టినారు. పదకొండు రోజులు. ఒళ్ళోకి ఇవ్వనేదు, దానికి నీళ్ళు పొయ్యనేదు, ఏటీ లేదు. పోనాది." అతను గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈవిడ కడుపుతో ఉన్నప్పుడు మా మావ పొలంలో పాముని కొట్టి సంపీసినాడు. ఆ దోసమే తగిలిందని మావోళ్ళందరూ అన్నారు. అప్పట్నించి ఈవిడకి నిద్దర లేదు సయామా. రెండేళ్ళ కిందట పక్కింటోళ్ళ వలలో ఈ పిల్లపాము సిక్కింది. ఆళ్ళు కొట్టీబోతంటే అడ్డం పడిపోనాది. ఇంటికి తెచ్చి అమ్మడు అని పేరెట్టింది. ఆ రేత్రి ఈవిడ తెల్లారేదాకా పడుకుంది."

నేను బాప్టిస్టు క్రైస్తవురాలిని. దోషాలు నమ్మను. నమ్మే వాళ్ళని చూస్తే కోపమొస్తుంది కూడా. ఆ అత్తలూ మామలూ ఎవరోగానీ ఎదురుగా ఉంటే నాలుగు తిట్టేదాన్ని. కానీ సన్యాసి మొహం చూశాక ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. రెండు వారాల్లో మళ్ళీ తీసుకురమ్మని మాత్రం చెప్పాను.

రెండు వారాలకి అతనొక్కడే వచ్చాడు, కొట్లోంచి అలాగే వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా మిరియాల ఘాటు. పాము మేత ముట్టడం లేదట. చెక్కులు ఎక్కువయ్యాయట. ఒక పుండు వేలు దూరేటంత లోతుగా ఉందట. "ఆవిడ పగలూ రేత్రీ దాని కాడే కూకుంటంది. 'నా దోసం దీనికీ అంటుకుంది' అంటంది."

"కాయితాలు మారుస్తన్నారేటి?"

"రోజూ."

"మందు?"

"అదీ రాస్తంది. అన్నీ సేస్తంది సయామా."

అన్నీ చేస్తుంటే పుండు ఎండాలి. ఎండలేదంటే తడి ఎక్కడినుంచో వస్తోంది. అది కనుక్కోవాలంటే దలా వెళ్ళాలి. దలా అంటే పాన్‌సొడాన్ రేవు దాకా బస్సు, అక్కడ మెట్లు, ఫెర్రీ, అవతల మళ్ళీ మెట్లు, ఆ తర్వాత గోతుల్లో సైకిల్ రిక్షా. ఇదంతా ఒక పాము పొట్ట కోసం. నన్ను నేనే తిట్టుకుంటూ గొడుగు తీశాను.

సన్యాసి ఇల్లు కర్రల మీద కట్టిన చెక్క ఇల్లు, కింద నీళ్ళు నిలిచి ఉన్నాయి. మేం వస్తున్నట్టు ప్రమోదకి తెలియదు. ముందు గదిలో పాము పెట్టె ఖాళీగా ఉంది. లోపల కొత్త కాయితాలు శుభ్రంగా పరిచి ఉన్నాయి, నేను చెప్పినట్టే. వెనకవైపు నుంచి సాంబ్రాణి పొగ వస్తోంది.

వెనక చెక్కల మీద ప్రమోద పీట వేసుకుని, ఇక్కడ ఆడవాళ్ళూ కట్టుకునే లుంగీని మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు బారచాపి కూర్చుంది. ఆ కాళ్ళ మీద కొండచిలువ. పక్కన గోరువెచ్చటి నీళ్ళ బిందె, ఒక గిన్నెలో పెసరపిండీ పసుపూ, చిన్న రాయి మీద అరగదీసిన, ఇక్కడివాళ్ళు మొహానికి పూసుకునే తనకా గంధం, ఇంకో గిన్నెలో పాలమీగడ. ఆవిడ పాముని అరచేత్తో పొట్ట కింద మెల్లగా రుద్దుతోంది. పుండ్ల దగ్గరికి వచ్చినప్పుడు వేళ్ళ చివర్లతో, ఊదుతూ.

"అయిపోనాది, అయిపోనాదమ్మా, ఒక్క సెంబే, అయిపోనాది" అంటోంది.

మా అమ్మ మా చెల్లెలికి నీళ్ళు పోసింది ఇలాగే. మన ఆడవాళ్ళందరూ పసిపిల్లలకి నీళ్ళు పోసేది ఇలాగే. నలుగు పెట్టి, చెంబుతో నీళ్ళు పోసి, తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి, మెత్తటి పాత చీరలో చుట్టి పడుకోబెడతారు. ముక్కు ఒక్కటే నొక్కలేదు, పాముకి నొక్కడానికి ముక్కు లేదు కాబట్టి.

నేను రాస్తుండమన్నది ఆ పసుపునే. రోజుకొకసారి చేయించే స్నానాన్ని, పుండు పెద్దదైన కొద్దీ భయపడి, ఇప్పుడు రెండుసార్లు చేయిస్తోందని తర్వాత చెప్పింది. మీగడ పొలుసుల సందుల్లో చేరి కుళ్ళుతోంది. పసుపు పైన అట్ట కట్టి కింద తడిని ఆరనివ్వడం లేదు. పాముకి పాలు పోస్తే మనల్నే కరుస్తుందని సామెత. ఇక్కడ పాలే పాముని కరుస్తున్నాయి.

ప్రమోద తలెత్తి నన్ను చూసి గబగబా లుంగీ సర్దుకుంది. "అమ్మా, మీరొచ్చేరేటి ఇంత దూరం" అని లేవబోయింది. పాము బరువుకి లేవలేకపోయింది. "తగ్గట్లేదమ్మా. నానేటి సేసేను సెప్పండి. నా సేతుల్లో ఏటీ బతకదేటి?"

నోటి దాకా వచ్చింది. నీ చేతులే దీన్ని కుళ్ళబెడుతున్నాయి తల్లీ అని. నిజం, వైద్యం తెలిసిన ఎవరైనా చెప్పాల్సిన నిజం. ఆవిడ కళ్ళ కింద నల్లటి గుంటలు చూశాను. పదకొండు రోజులు అద్దం ఇవతల నిలబడ్డ మనిషి. చెప్పలేకపోయాను.

"నీ వల్ల కాదు" అన్నాను. "కరెంటు వల్ల. ఏడాదంతా ఇదే గోల. ఫ్యాన్లు తిరగవు, గాలి ఆడదు, ఇల్లు ఆరదు. తామ్వేలో నాను సూసే పాములన్నిటికీ ఇదే రోగం."

సన్యాసి తలెత్తి చూరు వైపు చూశాడు. ప్రమోద నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత తల ఊపింది.

"అయితే మందు పని సెయ్యాలంటే కొన్నాళ్ళు నలుగు ఆపాల" అన్నాను. "మీగడా ఆపాల, పొగా ఆపాల. ఇదే వేళకి, ఇలాగే కాళ్ళ మీద ఎట్టుకో. కానీ నాను సెప్పినట్టు సెయ్యి."

సంచీలోంచి అయోడిన్ తీసి, కాచి చల్లార్చిన నీళ్ళలో పల్చటి టీ రంగు వచ్చేదాకా కలిపి చూపించాను. దూదితో అద్దాలి, రుద్దకూడదు. చెక్కు దానంతటదే రాలాలి, గోటితో పీకకూడదు. పది నిమిషాలాగి పొడిగుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాక ఆయింట్‌మెంటు. పెట్టెలో ఒకవైపు వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పెట్టాలి, వెచ్చదనం లేకపోతే పాముకి పుండు మానదు. పుండు లోతుగా ఉంది కాబట్టి ఇంజెక్షన్ కూడా కావాలి, మూడు రోజులకొకటి, మూడు వారాలు. ఒంటి ముందు సగంలోనే, పొలుసుల సందున. వెనక సగంలో పొడిస్తే మందు మూత్రపిండాల్లో పడి సగం పనికిరాకుండా పోతుంది. కలిపిన మందు చల్లగా ఉండాలి. దలాలో ఐసుకి కరువేముంది, చేపలవాళ్ళ పెట్టెలో ఒక డబ్బా పెట్టించాం.

సూది ఎక్కడ పొడవాలో నేను చూపించాను. మొదటిది ఆవిడ చేతే పొడిపించాను, నా చెయ్యి ఆవిడ చెయ్యి మీద పెట్టి. ప్రతిసారీ ఫెర్రీ ఎక్కడం నా వల్ల కాదు. ఆవిడ సూది తిన్నగా దింపింది.

తిరుగు ఫెర్రీలో బల్ల మీద కూలబడ్డాను. తిలాపాపం తలా పిడికెడన్నారు. పసుపు ఆవిడ రాసింది, రాయమన్నది నేను. ఆ సంగతి నీటుగా కరెంటు మీదికి తోసేశాను. కరెంటు ఎలాగూ ఎదురుచెప్పదు. జాలిపడి అబద్ధమాడానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అందులో ఒక పాలు నన్ను నేను కాపాడుకోవడం కూడా ఉందని నాకు తెలుసు. అలిసిపోయి ఉన్నాను, ఆ లెక్క అంతకంటే లోతుగా తవ్వలేదు.

తర్వాత కబుర్లన్నీ సన్యాసి ద్వారానే. పబేడాన్ నుంచి ఇంటికి వెళ్ళేముందు వారానికోసారి నా గదికొచ్చి చెప్పేవాడు. చెక్కులు రాలుతున్నాయి. వాసన పోయింది. ఒక వారం మళ్ళీ పుండు ఎర్రబడిందంటే భయపడ్డాను, మందు సీసా మార్చాం. ఆగస్టు చివర్లో పాము ఒక కోడిపిల్లని మింగింది. ఆ కబురు చెబుతూ సన్యాసి ఏడ్చాడు. చొక్కాలో మిరియాలు కళ్ళల్లో పడ్డాయన్నాడు.

సెప్టెంబరులో కుబుసం విడిచింది. పుండ్లు పడ్డ పాములు మామూలుకంటే ముందుగానే, మళ్ళీ మళ్ళీ విడుస్తాయి. ఒక్కో కుబుసంతో కాస్త కాస్త బాగుపడతాయి. రెండోది కూడా విడిచాక ప్రమోద పాముని తీసుకుని తనే వచ్చింది. సన్యాసి బుట్ట దించి కొట్టుకి వెళ్ళిపోయాడు. ఆ పూట వాన లేదు. వీధిలో జనరేటర్లు కూడా ఆగి ఉన్నాయి, ఎప్పుడో గానీ ఉండని కరెంటు ఆ వేళ ఉంది.

పాముని బల్ల మీద తిప్పి చూశాను. పొట్ట తెల్లగా ఉంది. లోతు పుండు ఉన్నచోట నాలుగు పొలుసులు వంకరగా వచ్చాయి, అవి ఇక ఎప్పటికీ అలాగే ఉంటాయి. నొక్కితే గట్టిగా ఉంది. నాలుక ఆడిస్తూ నా మణికట్టు చుట్టుకోబోయింది. పాములంటే ప్రేమ లేదన్నాను గదా, అయినా చుట్టుకోనిచ్చాను.

"బతికింది" అన్నాను. "ఇంక భయం లేదు."

ప్రమోద స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళకి అయోడిన్ మరకలు.

"అమ్మా, ఒక మాటడుగుతాను. కోపం తెచ్చుకోకండి" అంది.

"అడుగు."

"మీరు ఆ రోజు కరెంటు వల్ల అన్నారు. మా ఇంటికి కరెంటు తీగే లేదమ్మా. ఆ ఈదికే లేదు. సోలారు దీపం ఒకటుంది. ఫ్యానన్నది ఆ ఇంట్లో ఎప్పుడూ తిరగనేదు."

ఆ ఇంట్లో గంటసేపు కూర్చున్నాను, తలెత్తి పైకప్పు చూడలేదు.

"నన్ను బాదపెట్టకూడదని అన్నారు. తెల్సు. అందుకే నాను తలూపేను. మీరు అంత దూరం వొచ్చి, మెట్లెక్కి, అలిసిపోయి ఉన్నారు. మీ మాట కొట్టీడం బాగోదనిపించింది." ఆవిడ గొంతు నెమ్మదిగానే ఉంది. "నా పిల్ల పోయినప్పుడు కూడా అదే సెప్పేరమ్మా. ఆసుపత్రిలో నర్సమ్మ నా బుజం మీద సెయ్యేసి, కరెంటు పోనాది, అద్దాల పెట్టి ఆగిపోనాది, ఎవరి తప్పూ కాదు అంది. మంచావిడ. మీలాగే. అది నిజమో, నన్ను ఓదార్సడానికి సెప్పిందో నాకు తెల్దు. తొమ్మిదేళ్ళు అయింది, తెల్దు. మావోళ్ళు పాము దోసం అన్నారు. పాస్టరు గారు దేవుడి సిత్తం అన్నారు, పూజారి గారు కరమ అన్నారు. ఎవరూ నాకేటి జరిగిందో సెప్పనేదు. అందరూ నా మీద జాలిపడ్డారు."

ఫ్యాను తిరుగుతోంది.

"దీని సంగతైనా సెప్పండమ్మా. నా నలుగు వల్లే కదేటి?"

జీవితంలో చాలామందికి చేదు మాటలు చెప్పాను. మీ కుక్క బతకదు, మీ ఆవు ఈనదు. అవన్నీ గుటకలేయకుండా చెప్పిన నోరే ఈవిడకి అబద్ధం చెప్పింది. నేను ఆవిడ మీద జాలి చూపించానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆవిడకి తొమ్మిదేళ్ళుగా అందరూ చేసిన అన్యాయమే నేనూ చేశాను.

"అవును" అన్నాను. "నలుగు వల్లే. తడీ, మీగడా పొలుసుల కిందకెళ్ళి కుళ్ళినాయి. దోసం కాదు, శాపం కాదు. రోజూ నీళ్ళు పొయ్యడం వల్ల. అది కూడా పూర్తిగా నీ తప్పు కాదు. మొదటి రోజు ఆ పసుపు మరక సూసి, ఏటి రాస్తన్నావని అడగాల్సింది. అడక్కండా అదే రాయమన్నాను. ఆ రెండు వారాలు నా వల్ల."

ప్రమోద ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. స్టూలు మీదే కాస్త వంగి కూర్చుంది. తర్వాత లేచి, నా మణికట్టు మీదున్న పాముని ఒక్కో చుట్టే విప్పి తన భుజం మీద వేసుకుంది. పొట్ట కింద చెయ్యి పెట్టి ఆ వంకర పొలుసుల్ని తడిమింది.

"అయితే మాన్పింది కూడా నా సేతులే కదమ్మా" అంది.

"నీ సేతులే" అన్నాను.